మీ పనికి ఎన్ని వానాకాలాలు కావాలి? కొత్త పర్యావరణ శాస్త్రవేత్తలకు ప్రభుత్వ ఫెలోషిప్‌ల పోలిక

పీహెచ్‌డీ చేస్తున్న పిల్లలు నా దగ్గరకి వచ్చి అడిగే మొదటి ప్రశ్న ఎప్పుడూ ఒకటే. "సార్, వీటిలో దేనికి డబ్బు ఎక్కువ?" చేతిలో ఫోన్, అందులో నాలుగైదు నోటిఫికేషన్లు. నేను తిరిగి అడిగేదీ ఎప్పుడూ ఒకటే. "నీ పనికి ఎన్ని వానాకాలాలు కావాలి?"

మాట దాటేయడానికి అడిగేది కాదిది. ల్యాబ్‌లో కొత్త పదార్థాలు తయారుచేసే కెమిస్ట్ తన ప్రయోగాన్ని జనవరిలో మొదలుపెట్టినా ఆగస్టులో మొదలుపెట్టినా పెద్ద తేడా ఉండదు. మనకి అలా కుదరదు. గోదావరికి వరద వచ్చేది జులై, ఆగస్టుల్లో. అప్పుడు శాంపిల్ తీయకపోతే మళ్లీ ఏడాది ఆగాల్సిందే. పులికాట్‌లో పనిచేసేవాళ్లకి అసలు వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. కొల్లేరులో వలస పక్షుల్ని లెక్కపెట్టేవాళ్లకి చలికాలం. ఫెలోషిప్ మొదలయ్యే తేదీ ఢిల్లీలో ఎవరో నిర్ణయిస్తారు, వరద తేదీని మాత్రం ఎవరూ నిర్ణయించలేరు. ఈ రెండూ కలవకపోతే ఎన్ని లక్షలు వచ్చినా ఆ ఏడాది పోయినట్టే.

నాకు మొదటిసారి వచ్చిన గ్రాంట్ రెండేళ్లది. శాంక్షన్ లెటర్ మే నెలలో వచ్చింది, ఇంట్లో స్వీట్లు పంచారు. డబ్బు ఇన్‌స్టిట్యూట్ ఖాతాలో పడి, నేను ఖర్చుపెట్టుకోవడానికి అనుమతి వచ్చేసరికి అక్టోబరు మూడో వారం. ఆ ఏడాది వరద నా కళ్ల ముందే వెళ్లిపోయింది. వంతెన మీద నిలబడి ఎర్రటి నీళ్లు చూస్తూ ఉండిపోయాను. సీసాలు లేవు, ఫిల్టర్ పేపర్లు లేవు, పడవకి ఇవ్వడానికి డబ్బు లేదు. రెండో ఏడాది శాంపిళ్లు తీశాను, పేపర్ రాసి పంపాను. రివ్యూయర్ ఒక్కటే అడిగాడు: ఒక్క ఏడాది డేటా చూపించి ఇది ఏటా జరిగేదేనని ఎలా చెప్తారు? నా దగ్గర జవాబు లేదు.

అప్పటినుంచి ఏ పథకాన్నైనా నేను ఒకే లెక్కతో చూస్తున్నాను. కాగితం మీదున్న కాలంలోంచి మొదటి ఆరు నెలలు తీసేయండి, అవి డబ్బు కోసం ఎదురుచూడటానికి పోతాయి. చివరి ఆరు నెలలు కూడా తీసేయండి, అవి రాసుకోవడానికి, తర్వాతి ఉద్యోగం వెతుక్కోవడానికి. మిగిలిన దాంట్లో మీకు కావాల్సిన రుతువు ఎన్నిసార్లు వస్తుందో చూడండి. రెండేళ్ల ఫెలోషిప్‌లో ఒక్కసారి వస్తుంది. మూడేళ్లదైతే రెండుసార్లు, ఐదేళ్లదైతే నాలుగుసార్లు. కింద చెప్పేదంతా ఈ లెక్క దగ్గర పెట్టుకునే చెప్తున్నాను.

పీహెచ్‌డీలో చేరేటప్పుడు

ఇక్కడ మూడు దారులు కనిపిస్తాయి: నెట్ అనే జాతీయ అర్హత పరీక్ష రాసి జేఆర్‌ఎఫ్ అంటే జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్ తెచ్చుకోవడం, ఎవరి ప్రాజెక్టులోనో జేఆర్‌ఎఫ్‌గా చేరడం, ప్రధానమంత్రి రీసెర్చ్ ఫెలోషిప్ అంటే పీఎంఆర్‌ఎఫ్.

నెట్ జేఆర్‌ఎఫ్‌కి మనవాళ్లకి రెండు తలుపులున్నాయి. యూజీసీ నెట్‌లో ఎన్విరాన్‌మెంటల్ సైన్సెస్ ఒక సబ్జెక్టు. శాస్త్ర, పారిశ్రామిక పరిశోధన మండలి (సీఎస్‌ఐఆర్) నెట్‌లో ఆ పేరుతో సబ్జెక్టు లేదు. భూమి, వాతావరణం, సముద్రం కలిపిన పేపర్ ఒకటుంది, ఎకాలజీ చదివినవాళ్లకి లైఫ్ సైన్సెస్ ఉంది, నీటి కాలుష్యం మీద పనిచేసే కెమిస్టులకి కెమికల్ సైన్సెస్ ఉంది. ఎమ్మెస్సీ ఎన్విరాన్‌మెంటల్ సైన్స్ చేసిన చాలామంది యూజీసీ ఒక్కటే రాసి ఊరుకుంటారు. రెండూ రాయండి. స్టైపెండ్ రెండింటికీ సమానమే: 2023 జనవరి 1 నుంచి మొదటి రెండేళ్లు నెలకి 37,000 రూపాయలు, ఎస్‌ఆర్‌ఎఫ్ అంటే సీనియర్ ఫెలో అయ్యాక 42,000, పైన ఊరిని బట్టి ఇంటద్దె భత్యం (హెచ్‌ఆర్‌ఏ). మొత్తం ఐదేళ్లు.

ప్రాజెక్ట్ జేఆర్‌ఎఫ్‌కి కూడా మొదట్లో అదే 37,000 రావచ్చు. అందుకే రెండూ ఒకటేనని అనుకుంటారు. ఒకటి కాదు. నెట్ జేఆర్‌ఎఫ్ మీ పేరు మీద వచ్చింది, గైడ్‌తో పొసగకపోతే నియమాల ప్రకారం వేరే చోటికి తీసుకెళ్లే అవకాశం ఉంటుంది. ప్రాజెక్ట్ జేఆర్‌ఎఫ్ ప్రాజెక్టుకి వచ్చింది, ప్రాజెక్టు ముగిసిన రోజు మీ జీతమూ ముగుస్తుంది. మూడేళ్ల ప్రాజెక్టులో మీరు ఎనిమిదో నెలలో చేరితే మీకు మిగిలేది రెండేళ్ల చిల్లర, పీహెచ్‌డీకి అది చాలదు. మరి ఎందుకు చేరాలి? ఒకే ఒక్క కారణానికి: ప్రాజెక్టులో ఫీల్డ్ ఖర్చు ఉంటుంది. నెట్ జేఆర్‌ఎఫ్‌తో సీఎస్‌ఐఆర్ ఇచ్చే కంటింజెన్సీ, అంటే చిల్లర ఖర్చుల డబ్బు, ఏడాదికి 20,000 రూపాయలు. ఆ డబ్బుతో నాలుగు ఊళ్ల బోరు నీళ్లు ఏడాదికి మూడుసార్లు తీసి, వాటిని బయటి ల్యాబ్‌లో పరీక్ష చేయించాలంటే మొదటి విడతకే అయిపోతుంది.

కాబట్టి నేను చెప్పేది ఇది. నెట్ జేఆర్‌ఎఫ్ తెచ్చుకుని, ఫీల్డ్ డబ్బున్న ప్రాజెక్టు నడుపుతున్న గైడ్ దగ్గర చేరండి. మీ జీతం మీది, పడవ ఖర్చు ప్రాజెక్టుది. ఇంతకన్నా మంచి ఏర్పాటు ఈ దశలో లేదు. గైడ్‌ని ఎంచుకునే ముందు "మీ ప్రాజెక్టు ఏ నెలలో ముగుస్తుంది సార్?" అని అడగడం అమర్యాద కాదు. అడగకపోతేనే తర్వాత బాధపడతారు.

పీఎంఆర్‌ఎఫ్ సంగతి వేరు. మొదటి రెండేళ్లు నెలకి 70,000, మూడో ఏడాది 75,000, ఆఖరి రెండేళ్లు 80,000. దాంతోపాటు ఏడాదికి 2 లక్షల రీసెర్చ్ గ్రాంట్, అంటే ఐదేళ్లలో 10 లక్షలు. ఐఐటీలు, ఐఐఎస్సీ, ఐసర్ల లాంటి చోట్లే ఇస్తారు. ఆ 2 లక్షల కోసమైనా ప్రయత్నించి తీరాలి, ఎందుకంటే పీహెచ్‌డీ విద్యార్థి చేతికే ఫీల్డ్ ఖర్చు వచ్చే పథకాలు చాలా తక్కువ. ఒక్కటి గుర్తుపెట్టుకోండి. ఈ ఫెలోలు వారానికోసారి దగ్గర్లోని కాలేజీలో పాఠం చెప్పాలనే నియమం ఉంది. పాపికొండల్లో నెలరోజులు క్యాంప్ వేయాల్సినవాళ్లు ఆ గంటల్ని ముందే సర్దుకోవాలి.

పీహెచ్‌డీ అయ్యాక: అసలు టెన్షన్ ఇక్కడే

థీసిస్ ఇచ్చిన రోజు నుంచి వయసు గుర్తుకు రావడం మొదలవుతుంది. సీఎస్‌ఐఆర్ ఆర్‌ఏ (రీసెర్చ్ అసోసియేట్‌షిప్), ఎన్‌పీడీఎఫ్ (నేషనల్ పోస్ట్‌డాక్టోరల్ ఫెలోషిప్), కేంద్ర శాస్త్రసాంకేతిక విభాగం ఇచ్చే ఇన్‌స్పైర్ ఫ్యాకల్టీ ఫెలోషిప్ అనే మూడింటి మధ్యే ఎక్కువమంది కొట్టుమిట్టాడతారు. ఈ మూడింటినీ మెట్లలాగా చూస్తారు, ఒకదాని తర్వాత ఒకటి ఎక్కుదామని. వయసు పరిమితులు మాత్రం ఆ వరసలో లేవు. పెద్ద పొరపాటు జరిగేది ఇక్కడే.

ఇన్‌స్పైర్ ఫ్యాకల్టీకి జనరల్ వాళ్లకి గరిష్ఠ వయసు 32. ఎస్సీ, ఎస్టీలకి, మహిళలకి ఐదేళ్ల సడలింపు ఉంది. ఎన్‌పీడీఎఫ్‌కి 35, అర్హులకి ఐదేళ్ల సడలింపు. అంటే పెద్ద ఫెలోషిప్‌కి తలుపు ముందు మూసుకుంటుంది, చిన్నదానికి తర్వాత. 29 ఏళ్లకి పీహెచ్‌డీ అయినవాళ్లు "ముందు ఎన్‌పీడీఎఫ్ చేద్దాం, పేపర్లు వచ్చాక ఇన్‌స్పైర్ వేద్దాం" అనుకుంటే, దరఖాస్తు, ఎదురుచూపు, రెండేళ్ల ఫెలోషిప్ కలిపి 32 దాటిపోతుంది. చాలా మంచి విద్యార్థులు ఇలా పోగొట్టుకోవడం చూశాను. ఇన్‌స్పైర్‌కి మొదటి దరఖాస్తు థీసిస్ ఇచ్చిన ఏడాదే పెట్టండి. రాకపోతే మళ్లీ పెట్టండి. ఎన్‌పీడీఎఫ్ ఆ లోపు నడుస్తూ ఉంటుంది. ఏ తేదీ నాటికి వయసు లెక్కేస్తారో నోటిఫికేషన్‌లో ఉంటుంది. నెలరోజుల తేడాతో పోయినవాళ్లున్నారు, అక్కడ మాత్రం జాగ్రత్త.

ఇక ఒక్కొక్కటి చూద్దాం.

సీఎస్‌ఐఆర్ రీసెర్చ్ అసోసియేట్‌షిప్‌లో మొదటి స్థాయికి నెలకి 58,000, తర్వాతి స్థాయిలకి 61,000, 67,000. ఇది జీతం మాత్రమే. పరిశోధన డబ్బు మీరున్న ల్యాబ్ పెట్టాలి. పీహెచ్‌డీ ల్యాబ్‌లోనే ఉండి, మిగిలిపోయిన పేపర్లు పూర్తిచేసుకోవడానికి బాగుంటుంది. కొత్త ఫీల్డ్ పని మొదలుపెట్టడానికి పనికిరాదు.

ఎన్‌పీడీఎఫ్ ఇంతకుముందు సైన్స్ అండ్ ఇంజినీరింగ్ రీసెర్చ్ బోర్డు (ఎస్‌ఈఆర్‌బీ) ఇచ్చేది. 2023లో అనుసంధాన్ నేషనల్ రీసెర్చ్ ఫౌండేషన్ చట్టం వచ్చాక ఎస్‌ఈఆర్‌బీ అందులో కలిసిపోయింది, ఇప్పుడు ఆ ఫౌండేషన్ అంటే ఏఎన్‌ఆర్‌ఎఫ్ పేరుతో దరఖాస్తులు పిలుస్తారు. కాలం రెండేళ్లు. ఎస్‌ఈఆర్‌బీ కాలం నుంచీ ఫెలోషిప్‌తో పాటు ఏడాదికి 2 లక్షల పరిశోధన ఖర్చు వస్తోంది. మీకొక మెంటర్ కావాలి, ఆయన రెగ్యులర్ ఉద్యోగంలో ఉండాలి. ప్రపోజల్ మీది, కానీ ల్యాబ్, పరికరాలు, పలుకుబడి ఆయనవి.

నా లెక్క ప్రకారం ఎన్‌పీడీఎఫ్‌లో ఒక్క వానాకాలమే గ్యారంటీ. అందుకే ఫీల్డ్ డేటా మొత్తం కొత్తగా సేకరించే ప్రపోజల్‌ని నేను దీనికి వేయనివ్వను. ఇప్పటికే ఉన్న డేటాతో నడిచే పనికి మాత్రం ఇది చక్కగా సరిపోతుంది. ల్యాండ్‌శాట్ ఉపగ్రహ చిత్రాలు 2008 నుంచి ఉచితం, సెంటినెల్-2 చిత్రాలు 2015 తర్వాతి కాలానికి దొరుకుతాయి. కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి గాలి నాణ్యత కేంద్రాల లెక్కలు ఆన్‌లైన్‌లో ఉన్నాయి, సముద్రం మీద పనిచేసేవాళ్లకి హైదరాబాద్‌లోని సముద్ర సమాచార కేంద్రం ఇన్‌కాయిస్ డేటా ఉంది. కోరింగ మడ అడవుల విస్తీర్ణం ఇరవై ఏళ్లలో ఎలా మారిందో ఉపగ్రహ చిత్రాలతో చూసి, ఒకే ఒక్క సీజన్ నేల మీదికి వెళ్లి సరిచూసుకోవడం అనేది రెండేళ్లలో అయ్యే పని. అదే మడ అడవుల మట్టిలో కర్బనం ఏటా ఎంత చేరుతోందో కొలవడం రెండేళ్లలో కాదు. అంశం ఒకటే కావచ్చు, ప్రశ్నని మాత్రం ఫెలోషిప్ కాలానికి సరిపడా కత్తిరించుకోవాలి.

ఇన్‌స్పైర్ ఫ్యాకల్టీ ఐదేళ్లది. నెలకి 1,25,000, ఏడాదికి 2,000 పెంపు, దాంతోపాటు ఏడాదికి 7 లక్షల చొప్పున ఐదేళ్లకి 35 లక్షల రీసెర్చ్ గ్రాంట్. నాలుగు వానాకాలాలు దక్కుతాయి. ఒక ఎల్‌నినో ఏడాది, ఒక మామూలు ఏడాది, అదృష్టం ఉంటే ఒక పెద్ద వరద ఏడాది కూడా మీ డేటాలో పడొచ్చు. పర్యావరణ శాస్త్రవేత్తకి ఇంతకన్నా విలువైనది ఏముంటుంది?

దీనిలో రెండు బలహీనతలు దాచకుండా చెప్పాలి. ఒకటి, పేరులో ఫ్యాకల్టీ ఉన్నా పర్మినెంట్ ఉద్యోగం కాదు. ఐదేళ్ల తర్వాత మీరు పనిచేసే హోస్ట్ సంస్థ మిమ్మల్ని తీసుకుంటుందని ఎక్కడా రాసి ఉండదు. మూడో ఏడాది నుంచే ఫ్యాకల్టీ పోస్టులకి అప్లై చేస్తూ ఉండాలి. రెండు, ఏడాదికి 7 లక్షలతో పెద్ద పరికరాలు రావు. నీటిలో భారలోహాలు కొలిచే ఐసీపీ-ఎంఎస్ లాంటిది ఈ గ్రాంట్‌తో కలలో కూడా కొనలేరు. ఆ మెషిన్ ఇప్పటికే ఉన్న చోటికే వెళ్లాలి. ఉండటం ఒక్కటే కాదు, పనిచేస్తూ ఉండాలి, మీ శాంపిళ్లకి వంతు రావాలి. వెళ్లి కళ్లారా చూడండి. మెషిన్ మీద దుమ్ము కవర్ కప్పి ఉంటే ఎన్నాళ్లుగా కప్పి ఉందో అక్కడి స్కాలర్‌ని పక్కకి పిలిచి అడగండి.

విదేశాల్లో ఉన్నవాళ్లకి

క్లుప్తంగా చెప్తాను. రామానుజన్ ఫెలోషిప్‌కి వయసు 40 లోపు, ఐదేళ్లు, నెలకి 1,35,000, ఏడాదికి 7 లక్షల గ్రాంట్. రామలింగస్వామి రీ-ఎంట్రీ ఫెలోషిప్ బయోటెక్నాలజీ విభాగానిది, అదీ ఐదేళ్లే. మీ పనిలో సూక్ష్మజీవులు, జన్యువులు, మొక్కలు ఉంటే రామలింగస్వామి, గాలి, నీరు, మట్టి, వాతావరణం అయితే రామానుజన్. బయటికి పోస్ట్‌డాక్‌కి వెళ్లాలా, ఇక్కడే ఇన్‌స్పైర్ వేయాలా అని ఊగిసలాడేవాళ్లకి ఈ 40 ఏళ్ల పరిమితి కాస్త ఊరట. వెళ్లొచ్చినా తలుపు తెరిచే ఉంటుంది. కానీ అక్కడికెళ్లి ఆల్ప్స్ మంచు మీద పనిచేసి వచ్చి, ఇక్కడ నల్లమల మీద ప్రపోజల్ రాస్తే కమిటీ నమ్మడం కష్టం. అక్కడున్నప్పుడే ఒక చిన్న పనైనా మన నేల మీద పెట్టుకోండి.

ఉద్యోగం వచ్చిన కొత్తలో

అసిస్టెంట్ ప్రొఫెసర్‌గానో సైంటిస్ట్‌గానో రెగ్యులర్ ఉద్యోగంలో చేరినవాళ్లకి ఏఎన్‌ఆర్‌ఎఫ్ 2024లో ప్రైమ్ మినిస్టర్ ఎర్లీ కెరీర్ రీసెర్చ్ గ్రాంట్ మొదలుపెట్టింది. 42 ఏళ్ల లోపువాళ్లకి మూడేళ్లలో 60 లక్షల దాకా, సంస్థ నిర్వహణకి ఇచ్చే ఓవర్‌హెడ్స్ వేరే. దీనికి ముందున్న స్టార్టప్ రీసెర్చ్ గ్రాంట్ రెండేళ్లకి 30 లక్షలు మాత్రమే. డబ్బు రెట్టింపైంది సరే, నాకు అంతకన్నా ముఖ్యంగా కనిపించింది ఆ మూడో ఏడాది. పాత లెక్కలో ఒక్క వానాకాలం దక్కేది, ఇప్పుడు రెండు దక్కుతాయి.

ఈ గ్రాంట్‌లో అందరూ చేసే తప్పు మొదటి ఏడాదే డబ్బంతా పరికరాల మీద పెట్టేయడం. కొత్త ల్యాబ్ ఖాళీగా ఉంటే మనసు ఆగదు, నాకు తెలుసు. కానీ మెషిన్ కొన్నాక దాన్ని నడిపే మనిషికి జీతం, మూడేళ్లు ఫీల్డ్‌కి వెళ్లే బండి, చెడిపోతే మరమ్మతు, ఇవన్నీ రికరింగ్ అంటే ఏటా వచ్చే ఖర్చు కింద ముందే అడగాలి. ఒక ఖర్చు పద్దు (హెడ్) నుంచి ఇంకో పద్దుకి డబ్బు మార్చుకోవడం తర్వాత అంత తేలిక కాదు.

ఏ కమిటీ ముందుకి వెళ్లాలి

పర్యావరణ శాస్త్రానికి ఉన్న చిక్కు ఏమిటంటే అది అందరిదీ, ఎవరిదీ కాదు. నల్గొండ ఫ్లోరైడ్‌నే తీసుకోండి. ఫ్లోరైడ్ ఏ రాయిలోంచి, ఎలా నీళ్లలోకి వస్తోందో చూస్తే అది భూశాస్త్రం. నీళ్లలోంచి ఎలా తీసేయాలో చూస్తే కెమిస్ట్రీ లేదా ఇంజినీరింగ్. జాతీయ పర్యావరణ ఇంజినీరింగ్ పరిశోధన సంస్థ (నీరీ) పటికా సున్నంతో తయారుచేసి నల్గొండ పేరే పెట్టిన పద్ధతి ఆ కోవలోది. ఎముకల మీద ప్రభావం చూస్తే వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) దగ్గరికి వెళ్లాలి. అదే ప్రపోజల్‌లో మూడూ కలిపి రాస్తే భూశాస్త్రం కమిటీ "ఇందులో వైద్యం ఎక్కువ" అంటుంది, వైద్యం కమిటీ "ఇది రాళ్ల పని" అంటుంది. మీరు పేపర్ వేసే జర్నల్‌కి రివ్యూ చేసేవాళ్లు ఏ శాఖవాళ్లో ఆ కమిటీనే ఎంచుకోండి, మిగతా రెండూ చివర్లో ఒక పేరాకి తగ్గించండి.

మంత్రిత్వ శాఖల విషయంలోనూ ఇదే. పర్యావరణ శాఖ పేరు చూసి మన డబ్బంతా అక్కడే ఉంటుందనుకుంటారు. ఆ శాఖ 2015-16లో పెట్టిన నేషనల్ మిషన్ ఆన్ హిమాలయన్ స్టడీస్ మంచి పథకమే, కానీ అది హిమాలయ రాష్ట్రాల కోసం. తూర్పు కనుమల మీద పనిచేసేవాళ్లు దాని నోటిఫికేషన్ చదివి సమయం పోగొట్టుకోవద్దు. సముద్రం, రుతుపవనాలు, తుపాన్లు అయితే భూవిజ్ఞాన శాఖ. ఉపగ్రహ డేటా వాడే పని అయితే ఇస్రో తన రెస్పాండ్ పథకం కింద యూనివర్సిటీలకి ప్రాజెక్టులు ఇస్తుంది. ఇవి ఫెలోషిప్‌లు కాదు, ప్రాజెక్టులు. రెగ్యులర్ ఉద్యోగంలో ఉన్న పీఐ, అంటే ప్రాజెక్టుని నడిపే ముఖ్య పరిశోధకుడు, కావాలి. పోస్ట్‌డాక్‌లు పక్కన నిలబడి రాసిపెట్టాల్సి వస్తుంది. అలా రాసేటప్పుడు కో-పీఐగా మీ పేరు పెట్టే వీలుందేమో మొదట్లోనే అడగండి, ప్రపోజల్ పూర్తయ్యాక అడిగితే ఇబ్బందిగా ఉంటుంది.

మహిళలకి శాస్త్రసాంకేతిక విభాగంలో వైజ్-కిరణ్ పథకం కింద పీహెచ్‌డీకి, పోస్ట్‌డాక్‌కి విడిగా ఫెలోషిప్‌లున్నాయి. పెళ్లి, పిల్లలు, బదిలీల వల్ల కొన్నేళ్లు ఆగిపోయి మళ్లీ మొదలుపెట్టాలనుకునేవాళ్లకి ఇదే నేను మొదట చూపించే తలుపు. బయోటెక్నాలజీ విభాగం బయోకేర్ కూడా అలాంటిదే. ఆగిపోయిన ఏళ్ల గురించి దరఖాస్తులో సంజాయిషీ ఇచ్చుకోకండి. ఎప్పటినుంచి ఎప్పటిదాకా ఆగారో ఒక్క వాక్యం చాలు, మిగతా చోటంతా పని గురించి రాయండి.

పథకం కన్నా చోటు ముఖ్యం

ఫెలోషిప్ మీ పేరు మీద వచ్చినా డబ్బు వచ్చేది హోస్ట్ సంస్థ ఖాతాకి. కాబట్టి పేరున్న చోటు కన్నా అకౌంట్స్ సెక్షన్ బాగున్న చోటు నయం అంటాను.

మన పని ఎలా ఉంటుందో ఒకసారి చూడండి. తెల్లవారుజామున నాలుగున్నరకి పడవ. చేపలు పట్టే మనిషి ఆ రోజు వేట మానుకుని మనల్ని పాయల్లోకి తీసుకెళ్తాడు. ఆటు తిరిగేలోపు ఎనిమిది చోట్ల నీళ్లు తీయాలి. మధ్యాహ్నం ఒడ్డుకొచ్చాక ఆయనకి డబ్బు చేతిలో పెట్టాలి, ఆ రాత్రి ఇంట్లో బియ్యం అందులోంచే రావాలి. ఆయన దగ్గర జీఎస్టీ బిల్లు ఉండదు. తెల్లకాగితం మీద "పడవ కిరాయి ముట్టినది" అని మనమే రాసి, ఐదు వేలు దాటితే రెవెన్యూ స్టాంప్ అంటించి, దాని మీద అడ్డంగా సంతకం పెట్టించుకుంటాం. చెయ్యి తడిగా ఉంటుంది, సంతకం అలుక్కుపోతుంది. ఆ కాగితాన్ని ఒక ఆఫీసులో మారుమాట లేకుండా పాస్ చేస్తారు. ఇంకో ఆఫీసులో "మూడు కొటేషన్లు ఏవి?" అని వెనక్కి పంపుతారు. మొదటి రకం ఆఫీసు ఉన్న చోట మీ రెండేళ్లు రెండేళ్లుగానే ఉంటాయి. రెండో రకం చోట ఏడాదిన్నర అవుతాయి, చేతి డబ్బు కూడా పోతుంది.

అందుకే హోస్ట్‌ని ఎంచుకునే ముందు ఆ సంస్థలో ఇప్పుడు గ్రాంట్ నడుపుతున్న ఒక యువ ఫ్యాకల్టీతో పది నిమిషాలు మాట్లాడండి. శాంక్షన్ లెటర్ నుంచి మొదటి ఖర్చు దాకా ఎన్ని నెలలు పట్టింది? ఫీల్డ్ అడ్వాన్స్ ఇస్తారా, సొంత డబ్బు పెట్టి తర్వాత తీసుకోవాలా? బండి అద్దెకి తీసుకోవడానికి ఎవరి సంతకం కావాలి? ఈ మూడింటికీ వచ్చే జవాబులు వెబ్‌సైట్‌లో ఉండవు. 2025 జూన్‌లో కేంద్రం కొనుగోళ్ల నియమాలు కొంత సడలించింది. కేంద్ర శాస్త్ర విభాగాల సంస్థల్లో కొటేషన్ లేకుండా కొనే పరిమితి లక్ష నుంచి 2 లక్షలకి పెరిగింది. ఆ ఉత్తర్వు మీ హోస్ట్‌లో అమలవుతోందో లేదో కూడా అడగండి.

మార్చి సంగతి విడిగా చెప్పాలి. ప్రభుత్వ ఏడాది మార్చి 31న ముగుస్తుంది. ఆ తర్వాత యుటిలైజేషన్ సర్టిఫికెట్ (యూసీ), ఖర్చుల పట్టిక తయారై, ఆమోదమై, పైకి వెళ్లాక తర్వాతి విడత వస్తుంది. ఈ లోపు ఏప్రిల్, మే, జూన్ గడుస్తాయి. మనకి వానకి ముందు శాంపిళ్లు తీయాల్సింది సరిగ్గా ఏప్రిల్, మే నెలల్లోనే. ఎండకి చెరువు అడుగంటినప్పుడు నీళ్లలో ఏముందో తెలియకపోతే వరద తర్వాత వచ్చిన అంకెకి అర్థం ఉండదు. సీసాలు, రసాయనాలు, ఫిల్టర్లు ఫిబ్రవరిలోనే కొని పెట్టుకోవడం, యూసీ కాగితాలు మార్చి మొదటివారం నుంచే సిద్ధం చేయడం తప్ప దీనికి వేరే మందు లేదు.

అడవిలో పనిచేసేవాళ్లకి ఇంకో గడియారం ఉంది. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం 28వ సెక్షన్ ప్రకారం అభయారణ్యంలో పరిశోధనకి చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్ అనుమతి కావాలి. కోరింగ అయినా కొల్లేరు అయినా ఇది తప్పదు. ఫెలోషిప్ వచ్చాక మొదలుపెడితే నెలలు పోతాయి. ప్రపోజల్ పంపిన వారంలోనే హోస్ట్ లెటర్‌హెడ్ మీద దరఖాస్తు పెట్టండి. ఫెలోషిప్ రాకపోతే నష్టమేమీ లేదు, డివిజన్ ఆఫీసులో పరిచయం మిగులుతుంది.

మరి ఎవరికి ఏది

ఉపగ్రహ చిత్రాలు, మోడలింగ్, పాత డేటా మీద పనిచేసేవాళ్లు ఎన్‌పీడీఎఫ్ ధైర్యంగా తీసుకోవచ్చు. నదులు, చెరువులు, పక్షులు, అడవులు లాంటి రుతువుతో ముడిపడ్డ పనైతే ఇన్‌స్పైర్ కోసం పట్టుబట్టండి, 32 దాటేలోపు కనీసం రెండుసార్లు వేయండి. ఆ రెండుసార్లూ రాకపోతే ఫీల్డ్ డబ్బున్న పెద్ద ప్రాజెక్టులో ఆర్‌ఏగా చేరడం, ఒంటరిగా ఎన్‌పీడీఎఫ్‌తో కొత్త చోట మొదలుపెట్టడం కన్నా మేలని నా అభిప్రాయం. మా విభాగంలో కొందరు దీనికి ఒప్పుకోరు, స్వతంత్రంగా గ్రాంట్ తెచ్చుకున్న పేరు ముఖ్యం అంటారు. ల్యాబ్ పని చేసేవాళ్లకి వాళ్ల మాటే నిజం. కానీ వరద కోసం ఎదురుచూసేవాళ్లకి డేటా లేని స్వతంత్రం అక్కరకి రాదు.

ఒక్కోసారి రెండూ ఒకేసారి వస్తాయి. ఎన్‌పీడీఎఫ్‌లో చేరి ఏడు నెలలైంది, ఇన్‌స్పైర్ ఆఫర్ వచ్చింది అనుకోండి. రెండు ఫెలోషిప్‌లు ఒకేసారి తీసుకోకూడదు, మొదటిది వదులుకోవాలి. చాలామంది ఆనందంలో వెంటనే రాజీనామా రాసేస్తారు. ముందు కొత్త ఫెలోషిప్‌లో చేరడానికి ఎంత గడువుందో చూడండి. మీ సీజన్ నడుస్తుంటే, గడువు ఉంటే, ఆఖరి శాంపిల్ తీసేదాకా పాతదాంట్లోనే ఉండండి. తర్వాత ఖర్చుల లెక్క ముగించి, మిగిలిన డబ్బు వెనక్కి పంపి, రిలీవింగ్ ఆర్డర్ తీసుకోండి. పాత హోస్ట్ ఫ్రీజర్‌లో మీ శాంపిళ్లు ఉంటే అవి ఎవరివో, ఎప్పుడు తీసుకెళ్తారో మెంటర్‌తో మాట్లాడి ఒక మెయిల్‌లో రాయించుకోండి. డబ్బాల మీద పేరు, తేదీ, చోటు చెరగని ఇంకుతో మళ్లీ రాసి వెళ్లండి, ఫ్రీజర్‌లో పాత లేబుళ్లు ఊడిపోతాయి.